గోదావరి సీమలో వృత్తుల వృద్ధి క్షయములు

నేటి నా ప్రసంగమునకు విషయము రాజుల కథ కాదు, యుద్ధముల కథయు కాదు. మన గోదావరి సీమలో గడచిన రెండు వందల యేండ్లుగా జనులు ఏ పనులు చేసి కుటుంబములను పోషించుకొనిరి, అందు ఏ పని యెప్పుడు పెరిగెను, ఏది యెందువలన తఱిగెను అను సంగతిని విన్నవింతును. రాజవంశములకు వంశానుచరితము వ్రాసినవారు మనలో పెక్కురు కలరు. నేతవానికిని, పడవవానికిని, వడ్లు దంచిన యిల్లాలికిని గూడ వంశానుచరితము కలదు. దానిని వ్రాసినవారు అరుదు.

నేను ముప్పదియైదేండ్లు పల్లెబడులలో తెలుగును, చరిత్రమును చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను. పిల్లవానిని బడిలో జేర్చుకొనునప్పుడు తండ్రి వృత్తి యను గడి యొకటి నింపవలసియుండును. కొలువులో జేరిన తొలినాళ్లలో నేనా గడియందు నేత, పడవ, పాలేరుతనము అని వ్రాసితిని. పిదప కూలి, లారీ డ్రైవరు అని వ్రాసితిని. కడపటి యేండ్లలో రొయ్యల చెఱువు కాపలా యనియు, కువైత్తు అనియు వ్రాసితిని. తాత చేసిన పనినే మనుమడును చేయుచున్న యిండ్లు వ్రేళ్లపై లెక్కింపదగినవి. ఆ చిన్న గడియే నన్నీ విచారణకు పురికొల్పెను.

గోదావరి సీమ యనగా నేను దేనిని చెప్పుచున్నానో ముందుగా తెలుపవలెను. 1859 లో రాజమహేంద్రవరము, మచిలీబందరు, గుంటూరు జిల్లాలను తిరుగ సర్ది గోదావరి, కృష్ణ యను జిల్లాలను చేసిరి. 1925 లో గోదావరి జిల్లా తూర్పు, పడమర యని రెండయ్యెను. 2022 లో మరల చీలి కాకినాడ, కోనసీమ, ఏలూరు మొదలగు పలు జిల్లాలయ్యెను. సర్కారు గీతలు ఎన్నిమాఱులు మాఱినను ఏఱు మాఱలేదు. కావున ధవళేశ్వరమునకు దిగువ సముద్రము దాక నున్న పల్లపు నేలను, దాని యంచులను గలిపి గోదావరి సీమ యని వ్యవహరింతును.

ఈ ప్రసంగమంతటికిని సారమైన మాట యొకటి కలదు. దానిని ముందే చెప్పెదను. జిల్లా వృద్ధి వేఱు, ఇంటి వృద్ధి వేఱు. సీమలో పనుల మొత్తము పెరుగుచున్న కాలముననే కొన్ని యిండ్లలో పొయ్యి చల్లారుచుండును. ఒక పని పోయి మఱియొక పని వచ్చినదని లెక్కలు చూచువారు సంతోషింతురు. కాని పోయిన పని యెవరి చేతినుండి పోయినదో, వచ్చిన పని వారి చేతికే రాదు. ఈ మాటకు నిదర్శనములను వరుసగా చూపెదను.

మొదట మగ్గము కథ. పదునేడవ, పదునెనిమిదవ శతాబ్దములలో మన తీరమునకు పరదేశపు వర్తకులు వచ్చినది ముఖ్యముగా గుడ్డ కొఱకు. డచ్చివారు పాలకొల్లునను ద్రాక్షారామమునను, ఫ్రెంచివారు యానామునను, ఆంగ్లేయులు ఇంజరమునను, బండమూర్లంకను, నరసాపురము ప్రక్కనున్న మాధవాయపాలెమునను కొట్లు పెట్టిరి. ఆంగ్లేయుల నోట మాధవాయపాలెము మదపొల్లమయ్యెను. ఇచ్చట నేసిన సన్నని తెల్లగుడ్డకు ఐరోపా బజారులలో ఊరి పేరే పేరుగా నిలిచెను. గుడ్డ సన్నదనమును పుంజములతో లెక్కించెడివారు. పుంజమనగా పడుగులో 120 పోగులు. పుంజములు హెచ్చినకొలది గుడ్డ మేలైనది, వెల హెచ్చినది.

ఒక్క మగ్గము వెనుక ఎందఱు బ్రతికిరో యోచింపుడు. దూది యేకువారు, రాట్నముపై నూలు వడకు స్త్రీలు, పడుగు సవరించువారు, నేయువారు, నేసిన గుడ్డను చలువ చేయు చాకలివారు, మూటలు మోయువారు, వానిని ఓడకెక్కించు పడవవారు. వీరిలో నేతవానికి మాత్రమే చరిత్రలో చోటు దొరకినది. కంపెనీవారు నేతవానికి ముందుగా బయానా యిచ్చి, ఆ గుడ్డను పరులకు అమ్మరాదని కట్టడి చేసిరి. బయానా తీసికొనిన నాడు అది వరము. వెల తగ్గిన నాడు అదియే సంకెల. ఐనను పని మాత్రము నిండుగా నుండెను.

ఆ పని ఎట్లు పోయెను? మన నేతవాని చేతి నేర్పు తగ్గినందున కాదు. మూడు దెబ్బలు వెంటవెంటనే తగిలెను. ఇంగ్లండులో మన గుడ్డపై హెచ్చు సుంకము వేసిరి. అచ్చట ఆవిరి మరలు నూలు వడకి, గుడ్డ నేసి చౌకగా అమ్మసాగెను. 1813 లో కంపెనీవారి గుత్త వ్యాపారము పోయి, 1833 నాటి శాసనముతో వారి వర్తకమే ముగిసెను. కొట్లు మూతపడెను. బయానా యిచ్చువాడు లేడు, గుడ్డ కొనువాడును లేడు. ఇందొక విచిత్రము కలదు. మదపొల్లమను పేరు మాత్రము చావలేదు. ఇంగ్లండు మరలు నేసిన గుడ్డకు ఆ పేరు పెట్టి లోకమంతట అమ్మిరి. ఊరి పేరు మిగిలెను, ఊరివాని పని పోయెను.

ఇందు మరువరాని భేద మొకటి కలదు. మర మొదట చంపినది మగ్గమును కాదు, రాట్నమును. మర నూలు చౌకగా రాగానే వడకు స్త్రీకి చేతిలో పని లేకుండ పోయెను. నేతవాడు ఆ మర నూలునే కొని, ఊరివారు కట్టు ముతక చీరలు, పంచెలు నేసికొని బక్కచిక్కియైనను బ్రతికెను. నేటికిని ఉప్పాడ జాందానీ చీరకు పేరు కలదు. 2009 లో దానికి భౌగోళిక గుర్తింపు దొరకినది. నేత పోయినదని మనము విచారింతుము. వడుకు పోయినదని విచారించినవారు కొందఱే. అది ఆడువారి పని, ఇంటి మూలను జరిగిన పని. దాని చావును లెక్క వ్రాసినవారు లేరు.

అదే కాలమున దైవమును ప్రతికూలించెను. నందన సంవత్సరపు కఱవు, అనగా 1832, 33 నాటి కఱవు, మన తీరమంతటను ప్రాణములు తీసెను. దానికి ముందును వెనుకను తుపానులు, అనావృష్టి. నాటి సర్కారు లెక్కల ప్రకారము రాజమహేంద్రవర జిల్లాలో 1821 లో 7,38,308 మంది జనులుండగా 1841 నాటికి 5,61,041 మంది మాత్రమే మిగిలిరి. ఇరువదియేండ్లలో నలుగురికొకరు చొప్పున లేకపోయిరి. కొందఱు చనిపోయిరి, కొందఱు దేశాంతరము పోయిరి. గోదావరి నిండుగా సముద్రములోనికి పాఱుచుండగా దాని గట్టుననే జనులు అన్నము లేక చచ్చిరి.

ఈ దుర్దశను విచారింప 1843 లో హెన్రీ మాంట్‌గోమరీ దొరను పంపిరి. ఆయన మఱుసటి యేట తన నివేదికలో ఏటికి కట్ట కట్టవలెనని చెప్పెను. ఆర్థరు కాటను దొర ఆ పనికి పూనుకొని 1847 లో ధవళేశ్వరము వద్ద ఆనకట్టను ఆరంభించి 1852 లో ముగించెను. పని ముమ్మరముగా నున్నప్పుడు ఇంచుమించు పదివేలమంది కూలీలు, వందలకొలది వడ్రంగులు, కమ్మరులు పనిచేసిరి. వీణం వీరన్నగారు కాటను దొరకు కుడిభుజమై కూలీలను కూడగట్టిరి. కఱవు తిన్న సీమకు ఆ కట్ట పని యన్నదానమువంటిదయ్యెను.

కట్ట నిలిచిన పిదప కాలువలు త్రవ్వవలెను, గట్లు వేయవలెను, లాకులు కట్టవలెను. ఉప్పరులకును వడ్డెరలకును ఏండ్ల తరబడి పని దొరకెను. నీరు పాఱిన పొలములో ఊడ్పునకు, కలుపునకు, కోతకు, నూర్పునకు చేతులు చాలవయ్యెను. విశాఖపట్టణపు సీమనుండి కూలీలు మందలుగా వచ్చి మన పొలములలో కోత కోసి గింజలు గట్టుకొని తిరిగిపోవు వాడుక యేర్పడెను. ఇప్పుడు ఈ డెల్టాలో సుమారు 10 లక్షల యెకరములకు గోదావరి నీరందుచున్నది. పాత కట్టకు బదులుగా కట్టిన బారేజీ 1982 లో పూర్తియైనది. దానికి కాటను దొర పేరే పెట్టిరి.

ఈ కాలువలు నేలకు నీరిచ్చుటయే గాక మఱియొక వృత్తిని కన్నవి. అది పడవ వృత్తి. కాటను దొర దృష్టిలో కాలువ యనగా నీటి దారి కూడ. డెల్టాలో సుమారు 500 మైళ్ల కాలువలపై పడవలు నడచెను. ధవళేశ్వరమునుండి కాకినాడకు, నిడదవోలునుండి నరసాపురమునకు, ఏలూరు కాలువమీదుగా బెజవాడకు, అచ్చటనుండి బకింగుహాము కాలువపై చెన్నపట్నమునకు సరుకు పోయెను. పోవునప్పుడు వడ్లు, బియ్యము, కొబ్బరికాయలు, బెల్లము. వచ్చునప్పుడు ఉప్పు, కలప, కిరసనాయిలు, గుడ్డ.

పడవ యొకటి కదలవలెనన్న పెక్కు చేతులు కావలెను. చుక్కాని పట్టువాడొకడు, గెడ వేయువారు కొందఱు. గాలి లేనప్పుడు గట్టు వెంబడి నడచుచు భుజమునకు తాడు తగిలించుకొని లాగువారు. రేవులో వడ్లు కొలుచువారు, బస్తాలు మోయువారు. లాకు తలుపులు త్రిప్పు కళాసీలు. పడవలు చేయు వడ్రంగులు, తెఱచాపలు కుట్టువారు, తాళ్లు పేనువారు. లాకు వద్ద పడవ లాగినంతసేపు అన్నము వండి పెట్టు పూటకూళ్లమ్మ. నూఱేండ్లకు మునుపు మన తాతలు లాకుల పేర్లు చెప్పి దూరము కొలిచెడివారు. మూడవ లాకు దాటిన పిదప మా యూరు అని చెప్పుట వాడుక.

సముద్రముపై వృత్తియు నిట్లే యుండెను. కోరంగి, తాళ్లరేవు, నరసాపురము ప్రాంతములలో ఓడలు కట్టు వడ్రంగులు కలరు. కోరంగి యొకప్పుడు ఈ తీరమున పేరెన్నిక గన్న రేవు. 1789 లోను, 1839 లోను ఉప్పెనలు దానిని ముంచెను. ఐనను కోరంగిని చంపినది ఉప్పెన యొక్కటియే కాదు. ఏఱు తెచ్చు ఒండ్రు రేవు నోటిని పూడ్చుచు వచ్చెను. అదే సమయమున లోకములో ఓడలు పెద్దవగుచు వచ్చెను, తెఱచాప పోయి ఆవిరి వచ్చెను. ఓడ పెరిగినకొలది రేవు చిన్నదయ్యెను. వర్తకము కాకినాడకు తరలెను. 1861 మొదలు అమెరికాలో అంతర్యుద్ధము జరిగిన నాలుగేండ్లు ఇంగ్లండు మరలకు ప్రత్తి కఱవై కాకినాడనుండి ప్రత్తి విస్తారముగ ఎగుమతియయ్యెను. ఎచ్చటనో జరిగిన యుద్ధము ఇచ్చటి కూలివానికి పని పెట్టెను. ఆ యుద్ధము ముగియగానే ఆ గిరాకియు సన్నగిల్లెను.

ఇక రంగము కథ. రంగూనును మన పెద్దలు రంగమనిరి. పొలములు పచ్చగా నుండగా జనులు బర్మాకు ఏల పోయిరని యడుగవచ్చును. పొలము పచ్చనిదే కాని, ఆ పొలము వారిది కాదు. వరి కూలి యేడాదిలో కొన్ని నెలలే యుండును. మిగిలిన నెలలలో కడుపునకు దారి వెదకవలెను. కాకినాడలో ఓడ యెక్కిన రంగము చేరవచ్చును. అచ్చట ఓడరేవులో మూటలు మోయుట, బియ్యపు మరలలో పని, ఇంటి చాకిరి. కోరంగి మీదుగా వచ్చినవారగుటచే బర్మావారు తెలుగువారిని కోరంగీలనిరి. రేవు పూడిపోయిన పిదపను దాని పేరు మన కూలివాని నుదుట నిలిచెను.

రంగపు కాసులతో మన యూళ్లలో పెంకుటిండ్లు లేచినవి, పొలములు కొన్నవారును కలరు. కాని ఆ పని పరుల నేలపై నిలిచిన పని. 1930 లో రంగూను రేవునందు తెలుగు కూలీలకును బర్మా కూలీలకును ఘోరమైన కొట్లాట జరిగెను. అప్పటికే లోకమంతట ధరలు పడిపోవుచుండెను. 1937 లో బర్మా హిందూదేశమునుండి వేఱుపడెను. 1942 లో జపానువారు దండెత్తగా మనవారు లక్షలతో కలిసి కొండలపైనను అడవులలోను నడచి మణిపురపు దారిని, అరకాను దారిని తిరిగివచ్చిరి. త్రోవలో పడిపోయినవారు పెక్కురు. మూడు తరములు నమ్ముకొన్న పని కొన్ని నెలలలో మాయమయ్యెను. వచ్చినవారికి ఊరిలో మగ్గమును లేదు, పొలమును లేదు.

ఇప్పుడు రైలు మాట. తూర్పుతీరపు రైలు 1893 లో బెజవాడ, వాల్తేరుల నడుమ నడచెను. రాజమహేంద్రవరము వద్ద గోదావరిపై కట్టిన హేవలాకు వంతెన 1900 లో తెరచిరి. రైలుకంటె కాలువయే చౌక యని కాటను దొర చిరకాలము వాదించెను. లెక్కలో ఆయన మాట సబబే కావచ్చును. వేగములో రైలు గెలిచెను. ఐనను పడవ వెంటనే చావలేదు. రైలు పోని యూళ్లకు పడవయే గతి. 1928 లో నరసాపురము దాక రైలు వచ్చెను, అదే యేట కాకినాడనుండి కోటిపల్లికిని వచ్చెను. పిదప రోడ్లపై బస్సులు, లారీలు వచ్చెను. లారీ గుమ్మము ముందఱనే బస్తా నెత్తుకొనును. పడవ రేవు దాక మోయవలెను. రైలు చేయలేని పనిని లారీ చేసెను. మేము చిన్నవారమై యున్నప్పటికి పెద్ద పడవలు గట్టున బోర్లించి యుండెను, వాని కలపను వంటచెఱకుగా చీల్చుకొనిపోవుచుండిరి. 1974 లో రాజమహేంద్రవరము, కొవ్వూరుల నడుమ రోడ్డు రైలు వారధి వచ్చిన పిదప ఆ రేవున లాంచీల పనియు తగ్గిపోయెను.

చంపిన రైలు మాత్రము చిరంజీవియా? కాదు. కోటిపల్లి రైలు పట్టాలను 1940 లో యుద్ధావసరములకై పెఱికికొనిపోయిరి. అరువదినాలుగేండ్ల పిదప, 2004 లో గాని అచ్చట మరల రైలు కూయలేదు. ఆ స్టేషనులను నమ్ముకొని కొట్లు పెట్టినవారి గతి యేమైయుండునో తలచుకొనుడు.

రైలుతోడను ఇంజనుతోడను బియ్యపు మరలు వచ్చెను. అంతకు మునుపు సీమలో పండిన వడ్లను దంచుట ఆడువారి పని. రోలు, రోకలి, చేట వారి ఆయుధములు. కలవారి యిండ్లలో దంచి, కూలిగా నూకలును తవుడును తెచ్చుకొని వితంతువులు, ముసలమ్మలు బ్రతికెడివారు. మర వచ్చి వారి రోకలిని మూలను నిలిపెను. మరలో మగవారికి పని దొరకెను, జిల్లాలో యంత్రశాలలు పెరిగినవని సర్కారు వ్రాసికొనెను. అది యబద్ధము కాదు. కాని రోకలి పట్టిన వితంతువు మరలో ఇంజను నడుపువాని పనికి పోలేదు గదా! నేను మొదట చెప్పిన మాటకు ఇంతకంటె స్ఫుటమైన నిదర్శనము లేదు.

స్త్రీల పని లెక్కకు రాదనుటకు మఱియొక సాక్ష్యము నరసాపురపు లేసు. 1844 ప్రాంతమున స్కాట్లండునుండి వచ్చిన మిషనరీలు ఈ చేతిపనిని ఇచ్చటి స్త్రీలకు నేర్పిరి. కొక్కెపు సూదితో దారమును అల్లుటయే పని. కాలక్రమమున నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో లక్షకు పైగా స్త్రీలు దీనిని చేసిరి. 1982 లో మరియా మీస్ అను జర్మను పండితురాలు ఈ లేసు స్త్రీలను గూర్చి గ్రంథమును ప్రకటించెను. దినమునకు ఆఱేడు గంటలు అల్లుచున్నను వారిని పనివారని యెవరును అనరనియు, తీరిక వేళ కాలక్షేపము చేయు గృహిణులని యందురనియు, అందువలననే వారి కూలి యంత తక్కువయనియు ఆమె చూపినది. వారు అల్లిన లేసు సముద్రములు దాటి ధనము తెచ్చెను, వారి పేరు జనాభా లెక్కలో పనివారి వరుసలో నెక్కలేదు. ఈ లేసునకు 2024 లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. అల్లిన చేతులకు కూలి గుర్తింపు రావలసియున్నది.

స్వాతంత్ర్యము వచ్చిన పిదపటి కథ మీరు చూచినదే. కావున క్లుప్తముగా చెప్పెదను. రాజమహేంద్రవరపు కాగితపు మిల్లు 1924 నుండియు నున్నది. అది మన్యమున వెదురు నఱకువారికి గూడ పని పెట్టినది. మార్టేరు పరిశోధనా స్థానమువారు 1982 లో విడుదల చేసిన స్వర్ణ వరి దేశమంతట ప్రాకినది. రెండు పంటలు వచ్చిన పొలములో కూలికి గిరాకి పెరిగినది. పిదప ట్రాక్టరు వచ్చి పాలేరును, వరికోత యంత్రము వచ్చి కోతకూలిని పంపివేసినవి. అటు రైతునకును సుఖము లేదు. పెట్టుబడి పెరిగి, ధర గిట్టక 2011 లో కోనసీమ రైతులు సార్వా పంట వేయక విరామము ప్రకటించిరి. వరి పండు సీమలో వరి వేయమని రైతులే చెప్పుట మన పెద్దలు కలలోనైన నెఱుగరు.

నేల క్రింద సహజవాయువు దొరకినది. 1980 ల నుండి గొట్టములు దిగినవి. 1995 లో పాశర్లపూడి బావి యంటుకొని రెండు నెలలకు పైగా మండెను. వాయువువలన సర్కారునకు ధనము వచ్చును, కాని బావి నడుపుటకు కొలది మంది నేర్పరులు చాలును. సంపద పుట్టిన చోటనే పని పుట్టునను నియమము లేదు. కోనసీమ స్త్రీలు గల్ఫు దేశములకు ఇంటి పనికి పోవుచున్నారు. నాడు రంగము, నేడు కువైత్తు. ఓడ పోయి విమానము వచ్చెను, దారి యదియే.

ఇక మీ యూళ్లలో నేడు రచ్చబండపై తగవులు పెట్టుచున్న రొయ్యల చెఱువు సంగతి. 1990 తరువాత టైగరు రొయ్య బంగారమని యెగబడిరి. 1994, 95 లలో తెల్లమచ్చ తెగులు వచ్చి చెఱువులు వట్టిపోయెను. 1996 లో సుప్రీముకోర్టువారు తీరమున రొయ్యల చెఱువులను కట్టడి చేయుచు తీర్పు చెప్పిరి. 2009 లో వనామి యను జాతి రాగా మరల వెఱ్ఱి పెరిగినది. భీమవరము దీనికి రాజధానియైనది. రొయ్యల తల తీసి ఒలుచు శాలలలో వేలమంది స్త్రీలకు పని దొరకినది, ఐసు మరలకును లారీలకును పని పెరిగినది. ఇది మంచియే. ఈ రొయ్యను హెచ్చుగా కొనువారు అమెరికావారు. 2025 లో వారు మన సరుకుపై సుంకము విపరీతముగా పెంచగా ఇచ్చట చెఱువు గట్టున ధర పడిపోయెను. రెండు వందల యేండ్ల క్రిందట ఇంగ్లండువారు గుడ్డపై సుంకము వేసినప్పుడు మాధవాయపాలెములో జరిగినదే భీమవరములో మరల జరిగినది. సరుకు వేఱు, సంకెల యొకటే.

కాని రొయ్యకును గుడ్డకును ఒక భేదము కలదు. అదియే నన్ను మిక్కిలి కలత పెట్టుచున్నది. మగ్గము మూలపడిన నేతవాడు కట్ట పనికి పోయెను, పొలములోనికి పోయెను. పడవ పోయినవాని కొడుకు లారీ యెక్కెను. రంగమునుండి నడచి వచ్చినవాడు ఊడ్పు కూలికైనను పోగలిగెను. ఇన్ని పనులు చచ్చినను, చచ్చిన పనివానిని ఆదుకొన్నది ఈ నేల. కాటను కట్ట గొప్పదన మదియే. ఉప్పునీరు నింపి యేండ్ల తరబడి చెఱువు చేసిన నేల మరల వరికి వచ్చుట కష్టము. ప్రక్క పొలము చౌడెక్కును, ఊరి నూయి ఉప్పనగును. వరి యెకరము ఊడ్పులోను కలుపులోను పెక్కుమంది స్త్రీలకు కూలి యిచ్చినది. చెఱువు గట్టున కాపలావాడొకడు, మేత చల్లువాడొకడు. కౌలు డబ్బు భూస్వామికి హెచ్చుగా వచ్చును, కూలి యిల్లు పొరుగూరు చూచును. జిల్లా లెక్కలో ఎగుమతి పెరిగినదని వ్రాయుదురు.

నేను రొయ్యకు విరోధిని కాను. కొత్త పని రారాదనువాడు చరిత్ర చదువనివాడు. కొత్త పని రాకున్నచో కఱవు వచ్చునని 1833 చెప్పుచున్నది. నేను కోరునది వేఱు. ఊరిలోనికి ఏ కొత్త పని వచ్చినను, దానికి చేవ్రాలు చేయుటకు ముందు పెద్దలు నాలుగు ప్రశ్నలు వేయవలెను. దీని సరుకు కొనువాడెవడు, ఒక్కడా, పలువురా? ఒక్కడే యైనచో మదపొల్లమును తలచుకొనుడు. సరుకు పోవు త్రోవ యేది, అది పూడిపోవునా? కోరంగిని తలచుకొనుడు. పోవు పని యెవరిది, వచ్చు పని యెవరిది? రోకలి పట్టిన యమ్మను తలచుకొనుడు. ఈ పని రేపు చచ్చినచో పనివాడు వెనుకకు మరలుటకు నేల మిగులునా? ఈ కడపటి ప్రశ్నకు సమాధానము లేకున్నచో మిగిలిన మూడింటికి ఎంత తియ్యని సమాధానము వచ్చినను తొందరపడి తల యూపరాదు.

ఊరి వారెల్లరు కూడిన సభలో చెఱువులకు అనుమతి మాట వచ్చునప్పుడు భూమి గలవారితోపాటు కూలికి పోవు స్త్రీలను గూడ కూర్చుండబెట్టి వారి నోటినుండి లెక్క వినుడు. ఏ నెలలో ఎన్ని దినములు పని దొరకెను, చెఱువు వచ్చిన పిదప ఎన్ని దినములు తగ్గెను అని వారిచేత చెప్పించి వ్రాయించుడు. సర్కారు లెక్కలో లేనిది మీ యూరి పుస్తకములోనైన నుండవలెను. రాట్నము చచ్చినప్పుడు వ్రాసినవారు లేరు, రోకలి చచ్చినప్పుడును లేరు. ఊడ్పు పని చచ్చుచున్న ఈ కాలమున వ్రాయగలవారు ఊరికొకరైనను కలరు. ఆ వ్రాత పనికి మీరే పూనుకొనవలెను. స్వస్తి.